గడప మీద మద్రాసు

నా చిన్నప్పుడు మా ఊరి మంగలికి గడ్డాలు గీసే పనికంటే పగిలిన తలలకు కట్లు కట్టే పనే ఎక్కువగా ఉండేది. గూడూరు పక్క కోట అనే పెద్ద ఊరికి అవతల, సముద్రానికీ వరికయ్యలకూ మధ్య ఇరుక్కున్న ఊరు మాది. ఉప్పుగాలి వల్లనో, మొలగొలుకుల బియ్యపు అన్నం వల్లనో తెలియదు గానీ, మావాళ్ళకు కోపం ముక్కు మీద కాదు, కర్ర కొన మీదే ఉండేది. తూము దగ్గర నీళ్ళ వంతు కోసం కొట్టుకునేవాళ్ళు. గట్టు మీది గడ్డి కోసం కొట్టుకునేవాళ్ళు. ఏ కారణమూ దొరక్కపోతే, పోయిన ఏడాది కొట్లాటలో గెలిచిందెవరో తేల్చుకోవడానికి కొట్టుకునేవాళ్ళు. మా పెదతాతకు ఒక చెవి ఉండేది కాదు. అదెక్కడ పోయిందని అడిగితే, "ఊళ్ళో వాళ్ళ మాటలు ఇనేదానికి ఒకటే ఎక్కువ, రెండోది ఇచ్చేసినా" అనేవాడు. మేమంతా పడీపడీ నవ్వేవాళ్ళం. అది నవ్వే సంగతి కాదని నాకు తెలిసేసరికి పద్నాలుగేళ్ళు వచ్చాయి.

అప్పటికే బడికీ నాకూ తెగతెంపులైపోయాయి. అయ్యవారు నన్ను తిట్టడం మానేసి నమస్కారం పెట్టడం మొదలుపెట్టాక, ఇక బాగుండదని నేనే మానేశాను. కయ్యల్లో పనికి పోయేవాణ్ణి. చదువు లేకపోయినా నాకో పెద్ద కోరిక ఉండేది. మద్రాసు చూడాలి. మా మేనత్త, అంటే మా నాయన చెల్లెలు, అక్కడే ఉండేది. మామకు హార్బరులో పని, కాపురం చాకలిపేటలో. ఆ ఏడాది నార్లు పోసే రోజుల్లో పుట్టింటికి వచ్చిన అత్త, తిరిగి వెళ్ళేటప్పుడు నన్ను వెంటబెట్టుకుపోయి మూడు రోజులు పట్నం చూపిస్తానంది. ఆ మాట విన్నప్పటి నుంచి నేను భూమ్మీద నడవలేదు. గొడ్లకు గడ్డి వేస్తూ కూడా రైలు కూత కూసేవాణ్ణి. మా అమ్మ నన్ను మంత్రగాడికి చూపిద్దామా అని ఆలోచించింది.

మా అత్త నోటికి ఊరంతా భయపడేది. నాకు మాత్రం ఆ నోరంటే ప్రాణం, ఎందుకంటే నాది కూడా అదే రకం నోరు. బయలుదేరడానికి ముందు రోజు పొద్దున గడప పక్కన నేల మీద చింతగింజలు పోసి, మద్రాసును పరిచింది. ఇది సెంట్రల్ స్టేషను, ఇది మూర్ మార్కెట్టు, ఇది ట్రిప్లికేను గుడి, ఇదిగో ఇటుపక్కంతా సముద్రం అని ఒక్కొక్క గింజనూ వేలితో జరిపింది.

"సముద్రం ఎందుకత్తా? మనూరి ఎనక ఉండేదేంది, చెరువా?" అన్నాను.

"మన ఒడ్డున చేపలు ఎండబెడతారు. ఆడ మనుషులు పొద్దు వాలినాక వచ్చి గాలికి ఆరుతారు. అది చూడాల్సిందే. బెలూన్లు కట్టి తుపాకితో కాల్చే ఆట కూడా ఉంది."

తుపాకి అనగానే సముద్రానికి ఒప్పుకున్నాను. పద్నాలుగంతస్తుల మేడ కొత్తగా లేచింది, మెడ నొప్పి పుట్టేదాకా దాన్ని చూడాలి. గుడికి పోకపోతే మామ ఊరుకోడు. అలా రెండు రోజులు నిండిపోయాయి. మూడోరోజు మధ్యాహ్నానికే నన్ను రైలెక్కించాలి కాబట్టి, ఆ పూట చూడగలిగింది ఒక్కటే. చచ్చిన కాలేజీ అయినా కావాలి, బతికిన కాలేజీ అయినా కావాలి. అప్పట్లో మనవాళ్ళు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువులుండే చోటును బతికిన కాలేజీ అనీ అనేవాళ్ళు. ఒకదాంట్లో ఇల్లంత తిమింగలం ఎముకలు, ఇంకోదాంట్లో సింహం. రెండూ కావాలని నేను, ఒకటే కుదురుతుందని అత్త. అంతవరకూ వచ్చి ఆగాం. అప్పుడే వీధిలో బండి చప్పుడయింది.

బండిలో పరిచిన గడ్డి ఎర్రగా ఉంది. దాని మీద మా అన్న పడుకుని ఉన్నాడు. తలకు చుట్టిన తువ్వాలు తడిసి ముద్దయింది. కుడిచేయి వంగకూడని చోట వంగి వేలాడుతోంది. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, రెండో కంటితో మమ్మల్ని చూస్తున్నాడు గానీ గుర్తుపడుతున్నాడో లేదో తెలియలేదు.

జరిగింది ఇది. తెల్లవారేసరికి మాతో పాత పగ ఉన్న పడమటింటి వాళ్ళ బర్రెగొడ్లు మా నారుమడిలో పడి మేస్తున్నాయి. మా అన్న వాటిని తోలుకుని కోటలోని బందెలదొడ్డికి బయలుదేరాడు. పరాయి పైరు మేసిన గొడ్లను అక్కడ కట్టేస్తే, సొంతదారు నలుగురి ముందూ తలవంచుకుని వచ్చి విడిపించుకోవాలి. మా వైపు అంతకంటే అవమానం లేదు. పడమటింటి పెద్ద కొడుకులిద్దరు అడ్డదారిన వచ్చి, దారిలో మా అన్నను పట్టుకున్నారు. కింద పడ్డాక కూడా కొట్టారు. గొడ్లు అతని పక్కనే నిలబడి గడ్డి మేశాయట.

మా నాయన కండువా మడిచి అన్న తల కింద పెట్టాడు. ఆయన అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. అమ్మా ఆయనా అదే బండిలో అన్నను ఆస్పత్రికి తీసుకుపోయారు. పనివాళ్ళు కర్రలు తీసుకుని ఎటో వెళ్ళారు. ఇంట్లో నేనూ అత్తా మిగిలాం.

బండి మలుపు తిరిగిందో లేదో, మా మట్టిగోడ అవతల వాళ్ళ తమ్ముడు, పడమటింటి చిన్నవాడు, వచ్చి నిలబడ్డాడు. నా ఈడువాడే. చేతిలో ఎద్దుల్ని పొడిచే ముల్లుకర్ర.

"ఏంరా, మీ అన్నకు గొడ్లు తోలేది ఇప్పుడన్నా వచ్చిందా? ఇంట్లో ఇంక ఆడోళ్ళేనా మిగిలింది?" అని అరిచాడు.

నేను కట్టెల కొట్టంలోకి పోయి మచ్చుకత్తి తెచ్చాను. సరుగుడు కొమ్మను ఒక్క వేటుతో తెగ్గొట్టే కత్తి అది. నా చేయి వణకలేదు. ఆ మాట గొప్పకు చెప్పడం లేదు. ఇన్నేళ్ళ తర్వాత తలచుకుంటే నన్ను భయపెట్టేది అదే.

బయటికి పోదామంటే అత్త గడప మీద అడ్డంగా కూర్చుని ఉంది. ఏడవలేదు, కాళ్ళు పట్టుకోలేదు. చింతగింజలను కాస్త ఇవతలికి జరుపుకుంది.

"పోదువులే అబ్బయా. నేనేమన్నా వద్దన్నానా? మూడోరోజు సంగతి తేల్చేసి పో. చచ్చిన కాలేజీకా, బతికిన కాలేజీకా?"

"అడ్డం లెయ్యత్తా!"

"లేస్తా. నువ్వు జైలుకు పోయినా, పాడె ఎక్కినా రైలైతే ఆగదు గదా. నీకు బదులు ఎవర్నో ఒకర్ని తీసకపోవాల. ఎవర్ని తీసకపోదునో అదన్నా చెప్పి పో."

పిచ్చిదానిలా ఉందే అనుకుని ఆమె మీది నుంచి దాటబోయాను. అత్త ఎడమచేత్తో నా జుట్టు పట్టుకుని కిందికి లాగింది. సరిగ్గా అప్పుడే గోడ అవతలి నుంచి రాయి వచ్చింది. నా కోసం విసిరింది అది. నేను వంగిపోవడంతో అత్త నుదుటికి తగిలింది. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. కనుబొమ మీద చర్మం చీలి, రక్తం ముక్కు పక్క నుంచి గడ్డం దాకా ధారగా దిగింది.

"అయ్యో, అత్తా!" అన్న కేక నాది కాదు. గోడ అవతలిది. మా ఊళ్ళో పగలు ఎన్ని ఉన్నా వరసలు పోవు. వాడికి కూడా ఆమె అత్తే.

నేను ఎగిరి లేచాను. ఈసారి ఎవరు పట్టుకున్నా ఆగేవాణ్ణి కాదేమో. అత్త నా జుట్టు వదల్లేదు. రక్తం కంట్లోకి దిగుతుంటే ఆ కన్ను మూసుకుని, రెండో కంటితో గోడ వైపు చూసి గట్టిగా అంది.

"గురి బాగుందిరా అబ్బయా! బీచిలో బెలూన్లు కొట్టేదానికి వీడికంటే నువ్వే నయం. వస్తావా పట్నానికి?"

వాడు పారిపోతాడనుకున్నాను, పోలేదు. గోడ అవతలి నుంచి గొంతు వచ్చింది.

"నేను పట్నం చూసినాలే."

"నీ మొహం చూసినావు!" అని నేను కత్తి పట్టుకునే అరిచాను.

"ఏం చూసినావురా?" అని అత్త అడిగింది.

"పెద్దాస్పత్రి చూసినా. మా అమ్మను ఆడ పెట్టినప్పుడు." వాడు గోడ దగ్గరికి వచ్చాడు. ముల్లుకర్ర కనిపిస్తోంది గానీ, ముఖం గోడ కిందే ఉంది. "వరండాలో పండుకోనుంటే తెల్లారేటప్పుడు బతికిన కాలేజీ పక్క నుంచి సింహం అరిచేది. రోజూ అరిచేది. చూసొస్తా నాయనా అంటే రేపు పోదువులే అనేవాడు. రోజూ రేపే. ఆ రేపు రాకముందే మా అమ్మ పోయింది."

వాళ్ళమ్మ చచ్చిపోయిందని ఊళ్ళో అందరికీ తెలుసు, నాకూ తెలుసు. కానీ వాడు ఆస్పత్రి వరండాలో పడుకుని సింహం అరుపు విన్నాడని ఎవరికీ తెలియదు. నరకాలనుకున్నవాడు ఒక్కసారిగా నాకంటే చిన్నపిల్లాడైపోయాడు. నాకు దాని మీద కూడా కోపం వచ్చింది. కొట్లాటకు దిగినవాడికి ఇలాంటి సంగతులు చెప్పకూడదు.

"అయితే తేలిపోయింది. మూడోరోజు బతికిన కాలేజీనే," అంది అత్త. "పొద్దు బాగా ఎక్కినాక పోదాం."

"ఎక్కినాక పోతే ఏముంది?" అన్నాడు వాడు. గోడ మీద ఇప్పుడు తల కనిపించింది. "తెల్లారే పోవాల. అప్పుడే అరిచేది."

"తెల్లారే తలుపులు తియ్యరు, బోడి!" అన్నాను నేను.

"నువ్వు పొయ్యొచ్చినావా?"

"నువ్వు పొయ్యొచ్చినావా లోపలికి?"

"నేనన్నా ఇన్నా. నువ్వేం చేసినావు?"

"ఒరే, ముందు ఆ రొంత పసుపు తెచ్చి నా తలకు అద్ది, తర్వాత అరుచుకోండిరా, నేను చచ్చిన కాలేజీకి పొయ్యేటట్టుండా," అంది అత్త.

వంటింట్లోకి పరుగెత్తాను. పసుపు డబ్బా మూత తియ్యాలన్నా, చీలిన నుదుటిని దగ్గరకు నొక్కి పట్టాలన్నా రెండు చేతులూ కావాలి. కత్తిని ఎక్కడ వదిలానో నాకు తెలియదు. పసుపు అద్దుతూ తలెత్తి చూస్తే, పడమటింటివాడు గోడ మీద మోచేతులు ఆనించి, ఇంకా కొంచెం పైకి, ఇంకా కొంచెం పైకి అని నాకు చూపిస్తున్నాడు. ముల్లుకర్ర గోడ అవతల నేల మీద పడి ఉంది. చాలాసేపు మేం ముగ్గురం ఆ మూడు రోజుల్ని అటూ ఇటూ మార్చాం. గుడిని రెండోరోజు సాయంత్రానికి తోశాం. వాడు మాట నెగ్గించుకుని, పొద్దున్నే పోవాలని ఒప్పించాడు.

ఆ సాయంత్రం బందెలదొడ్డి దగ్గర రెండిళ్ళ మనుషులూ కలబడ్డారు. పడమటింటి పెద్దవాడికి ఒక కన్ను పోయింది. మా పనివాడొకడు బతికినన్నాళ్ళూ కుంటుతూనే నడిచాడు. పోలీసులు వచ్చి రెండు పక్కలా మనుషుల్ని తీసుకుపోయారు. ఆ కొట్లాటకు రెండిళ్ళవాళ్ళూ మా ఈడు పిల్లల్ని రాళ్ళు అందించడానికి వెంటబెట్టుకుపోయారట. పడమటింటి చిన్నవాడి కోసం వెతికారట గానీ, వాడు కనిపించలేదట. నా కోసం వెతకడానికి ఇంట్లో మగవాళ్ళెవరూ లేరు.

అన్న తలకు కుట్లు వేయించుకుని, చేతికి కట్టుతో ఇల్లు చేరేదాకా అత్త ఊరు కదల్లేదు. ఆ తర్వాత ఒక పొద్దున, నుదుటి మీద కట్టుతోనే పడమటింటికి పోయి, పిల్లవాణ్ణి మా వెంట పంపమని అడిగింది. వాళ్ళ నాయన తలుపు వేసేశాడు. మా నాయన ఆమెతో రెండు రోజులు మాట్లాడలేదు. గూడూరులో రైలెక్కింది మేమిద్దరమే.

సింహాన్ని చూశాను. పొద్దున్నే పోయాం. అది గోడ పక్కన కాళ్ళు చాపి నిద్రపోతోంది. మూతి మీద ఈగలు. అరవలేదు. అరుస్తుందేమోనని కదలకుండా నిలబడి, మొసళ్ళను కూడా చూడకుండా రైలుకు పరుగెత్తాం.

తిరిగి వచ్చి బస్సు దిగేసరికి వాడు రోడ్డు పక్కన కూర్చుని ఉన్నాడు. నా కోసం కాదన్నట్టు రాళ్ళు ఏరుకుంటున్నాడు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "అరిచిందా?" అన్నాడు.

నా నోటికి అబద్ధం కొత్త కాదు. ఆ రోజు మాత్రం రాలేదు. "లేదు. నిద్రపోతా ఉండింది. నువ్వు అరుపు ఇన్నావు, నేను మనిషిని చూసినా. ఇద్దరిదీ కలిపితేగానీ ఒక సింహం కాదు," అన్నాను. సింహాన్ని మనిషి అన్నానని వాడు నవ్వాడు. పడమటింటివాళ్ళలో ఒకడు మా ఇంటివాడి మాటకు నవ్వడం నేను చూసింది అదే మొదలు.

పెద్దయ్యాక నేను టీ కొట్టు పెట్టాను, ఇప్పటికీ నడుపుతున్నాను. టీ కొట్టు ముందు నుంచే కొట్లాటకు పోయేవాళ్ళంతా పోవాలి. కర్రతో వచ్చినవాణ్ణి నేను ఎన్నడూ వద్దనలేదు. వద్దంటే ఆగినవాడు మా వైపు ఇంకా పుట్టలేదు. "పోదువులే అబ్బయా, వచ్చే బేస్తవారం యాడుంటావు?" అని, వచ్చే గురువారం సంగతి మాత్రం అడిగేవాణ్ణి. వాడు విసుక్కునేవాడు, తిట్టేవాడు, ఆ తర్వాత చెప్పేవాడు. చెల్లెల్ని చూడటానికి వస్తారనో, మిరపనారు తేవాలనో, కొత్త సినిమాకు పోవాలనో. టీ చల్లారేలోగా ఆ బేస్తవారం గురించి మేమిద్దరం వాదులాడుకునేవాళ్ళం. కర్ర గోడకు ఆని ఉండేది.

అప్పుడప్పుడు బేస్తవారమంటూ ఏదీ లేనివాడు, ఎదురుచూసేందుకు ఏమీ మిగలనివాడు వస్తాడు. ఇప్పటికీ వస్తాడు. వాడి దగ్గర నేను వేళాకోళం ఆడను. పొయ్యి ఆపేసి, వాడి పక్కన బల్ల మీద కూర్చుని, మనిద్దరం యాడికన్నా పోదామా, ముందు ఏం చూద్దాం, చెప్పు, అని అడుగుతాను. వాడు చెప్పేదాకా లేవను.