బొనారియా అత్త తెరిపించిన బడి

మా ఊళ్లో వందేళ్లు దాటినవాళ్లు ఉండటం వింతేమీ కాదు. అందుకే ఏటా వసంతంలో పట్నం నుంచి డాక్టర్లు కొండెక్కి వచ్చి ముసలివాళ్ల రక్తం తీసుకుపోతుంటారు. వేరేచోట్ల నూరేళ్లు బతికేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువట. ఇటలీ పక్కనున్న మా సార్డీనియా దీవి కొండల్లో మాత్రం మగవాళ్లూ వాళ్లతో సమానంగా ఉన్నారట. ఎందుకో డాక్టర్లకు అంతుపట్టడం లేదు.

వాళ్లు మొదట వెళ్లేది ఎఫీసియో తాత ఇంటికే. గొర్రెలు కాచిన మనిషి, నూట రెండేళ్లు. "ఏం తింటారు తాతా?" అని అడిగితే, "చిక్కుళ్ల పులుసు, మేకపాల చీజు, ఓ గ్లాసు ఎర్ర వైను" అని మీసం దువ్వేవాడు. ఆ పులుసు కాచేదీ, ఆయనకు స్నానం చేయించేదీ, చేయి పట్టుకుని నడిపించేదీ కూతురు బొనారియా అత్త. ఆమెకే డెబ్బై దాటాయి. ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు.

ఒక ఏడు ఇలేనియా అనే కుర్ర డాక్టరమ్మ వచ్చింది. "అత్తా, మీ రక్తమూ ఇస్తారా? ఆయుష్షులో పుట్టుకతో వచ్చేది కొంతే. ఎలా బతికామన్నదీ ముఖ్యమే. మీరూ వందేళ్లుంటారనిపిస్తోంది" అంది.

అత్త చేయి చాపింది. "ఉంటాను సరే తల్లీ, నాకు పిల్లల్లేరు. అప్పుడు నాకు పులుసు ఎవరు కాస్తారు?"

ఇలేనియా సూది తీసి దూది అద్దింది. "అది మా పరీక్షల్లో తేలేది కాదత్తా" అంది.

ఆ మాట అత్తను వదల్లేదు. చూస్తే మా వీధి నిండా ఇదే కథ: ముసలివాళ్లకు ముసలి బిడ్డలే దిక్కు. చదివే పిల్లలు లేక బడికి తాళం పడి చాలా కాలమైంది. అత్త నేరుగా ఊరి మేయరు దగ్గరికి వెళ్లి తాళంచెవి అడిగింది.

"పగలు పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టి వంతులవారీగా చూసుకుంటాం. వంతు లేనివాళ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటారు."

"కన్నవాళ్లను వదిలించుకున్నారని ఊరు అనదూ?"

"అననీ. అనేవాళ్లను వచ్చి ఒక్కపూట స్నానం చేయించమను."

మేయరు తాళంచెవి తీసిచ్చాడు.

తండ్రి మాత్రం మండిపడ్డాడు. "చిన్నప్పుడే వెళ్లలేదు, ఇప్పుడు బళ్లో వేస్తావటే నన్ను?" అంటూ దారంతా తిట్టాడు. అత్త కళ్లు తుడుచుకుంటూనే చక్రాల కుర్చీ తోసింది. లోపల బాటిస్టా తాత కూర్చుని ఉన్నాడు. మేత బీడు హద్దు దగ్గర గొడవపడి, పడుచుతనం నుంచీ వీళ్లిద్దరికీ మాటల్లేవు.

"నువ్వింకా పోలేదట్రా?" అన్నాడు ఎఫీసియో తాత.

"నిన్ను సాగనంపే పోదామని ఆగాను" అన్నాడు ఆయన.

మధ్యాహ్నానికి ఇద్దరూ పేకముక్కలు బల్లమీద బాదుతూ అరుచుకుంటున్నారు. మర్నాడు అత్త లేచేసరికి తాత టోపీ పెట్టుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు.

ఇప్పుడు పక్క ఊళ్ల ఆడవాళ్లు కూడా వచ్చి చూసి, తమ ఊళ్లోనూ ఇలాంటిది పెట్టాలని మాట్లాడుకుంటూ వెళ్తున్నారు.

తనకు వంతు లేని మొదటి రోజున అత్త, పక్కింట్లో ఉండే నన్ను వెంటబెట్టుకుని బస్సులో సముద్రానికి దిగింది. మా ఊరి నుంచి రోజూ కనిపించే సముద్రమే. అందులో కాలు పెట్టి ఎన్నేళ్లయిందో ఆమెకే గుర్తులేదు. పావడా పైకి చుట్టుకుని నీళ్లలో నిలబడింది. ఎంత పిలిచినా వెనక్కి రాలేదు.

సాయంత్రం తడి అంచుతోనే బడికి పరుగెత్తింది, తండ్రి బెంగపడి ఉంటాడని. ఆయన ముక్కల మీంచి తలెత్తనైనా లేదు.

"అప్పుడే వచ్చావేమే? ఆట ఇంకా సగంలో ఉంది!"