పెళ్లిబస్సులో పరీక్షకి

విశాఖపట్నం విమానాశ్రయంలో బంతిపూల వాసన వస్తుందని ఎవరనుకుంటారు? మొన్న వచ్చింది. హైదరాబాదు విమానం రద్దయిందని మైకులో చెప్పగానే నా పక్కన కూర్చున్న పెళ్లివారంతా లేచి కౌంటరు మీద పడ్డారు. వాళ్ల బుట్టలోని దండలు నా ఒళ్లోకి ఒరిగాయి. ఎందుకు రద్దయిందని అందరిదీ ఒకటే ప్రశ్న. కౌంటరులో అమ్మాయి వాతావరణం అంది, కాసేపటికి సాంకేతిక కారణం అంది. తోచిన కారణమల్లా వీళ్లే ఆ పిల్లకి అందిస్తున్నారు. నాకు నవ్వొచ్చింది, వెంటనే కళ్లు చెమర్చాయి. బంతిపూలు, కదలని బండి, ఎందుకూ ఎందుకని అడిగే జనం. ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తే నాకు రూతమ్మ టీచరు గారు గుర్తుకు రాక మానరు.

చోడవరంలో ఆవిడ మాకు లెక్కలు చెప్పేవారు. పొట్టి మనిషి, పెద్ద గొడుగు, ఎవరితో మాట్లాడినా ఒకటే గొంతు. ఆవిడకో పద్ధతి ఉండేది. జ్వరమొచ్చో, చర్చిలో పనిబడో ఒక పాఠం తప్పిపోతే మేం హాయిగా మరిచిపోయేవాళ్లం, ఆవిడ మాత్రం మరిచేవారు కాదు. మరో సాయంత్రం తన ఇంటి అరుగు మీద ఆ పాఠం చెప్పి, కూర్చోబెట్టినందుకు వేరుశనగ ఉండలు పెట్టేవారు. బడి లేదంటే గంతులేసే వయసు మాది. పోయిన పాఠం వెంటబడి వస్తుంటే ఎంత విసుక్కునేవాళ్లమో. ఒకసారి నేనే తెగించి, ఈ ఒక్కటీ వదిలేయండి టీచరు గారూ అన్నాను.

"నాను రాలేకపోడం నా తంటా. నీ పాఠం పోడం నీ నష్టం. రెండూ కలిపీకే సత్తీ," అని నన్ను ముద్దుపేరుతో పిలిచి, కలపొద్దన్నట్టు వేలు ఆడించారు. ఆ రోజు నాకు అర్థమైనవి ఉండలు మాత్రమే.

యాభైల్లో మా ఊరి నుంచి అనకాపల్లికి ప్రైవేటు బస్సులే దిక్కు. పెళ్లిళ్ల రోజులొస్తే లైను బస్సును పెళ్లికి పంపేయడం మామూలు. అది తప్పని ఎవరికీ తోచేది కాదు. బస్సు ఎందుకు లేదని జనం అడిగేవారు, ఏజెంటు అప్పలనాయుడు ఫలానావారి పెళ్లి అనేవాడు. ఇక పెళ్లికూతురు ఎవరు, విందులో ఏం చేస్తున్నారు అంటూ కబుర్లలో పడి, తమ ప్రయాణం సంగతే మరిచి, మూటలు నెత్తికెత్తుకుని ఇళ్లకు పోయేవారు. రేపు మనింటి పెళ్లికైనా ఆ బస్సే కదా అని అందరి ధీమా.

విశాఖపట్నంలో టీచరు ట్రైనింగు సీటుకి నేను పరీక్ష రాయాల్సిన రోజునా అదే జరిగింది. మా నాన్న అప్పటికే నాకో సంబంధం చూసి ఉంచాడు. సీటొస్తే చదువు, రాకపోతే పెళ్లి. రూతమ్మ టీచరు గారు అనకాపల్లి దాకా వచ్చి రైలెక్కిస్తారని, అవతల స్టేషనుకి ఆవిడ చెల్లెలు వస్తుందని చెబితేనే పంపడానికి ఒప్పుకున్నాడు. పొద్దున్నే టిక్కెట్లు తీసుకుని నిలబడ్డాం. బస్సు మా ఎదురుగానే ఉంది, అరటి పిలకలు కట్టుకుని, బంతిదండలు వేసుకుని. అనకాపల్లి వెళ్లదు, దేవరాపల్లి పెళ్లికి పోతోందన్నాడు అప్పలనాయుడు. ఎవరి పెళ్లని జనం అడిగారు. అతను టీచరు గారి వైపు చూసి ముసిముసిగా నవ్వాడు. సాక్షాత్తూ ఆవిడ తమ్ముడి కొడుకు పెళ్లి. సాయంత్రం ఆవిడా వెళ్లాల్సిన పెళ్లే, కానీ దానికి ఈ బస్సే మాట్లాడుకున్నారని ఆవిడకు తెలియదు. ఇంకేముంది, అయిపోయిందన్నట్టు అందరూ మూటలు ఎత్తుకున్నారు.

ఆవిడ మాత్రం ఎందుకని అడగలేదు. "టిక్కెట్లిచ్చేవు కదా బాబూ, మమ్మల్ని అనకాపల్లి ఎలగ సేరుస్తావు?" అన్నారు.

అప్పలనాయుడు డబ్బులు తిరిగిచ్చేస్తానన్నాడు. టీచరు గారు ఆ సంగతి మా ఊరి ప్లీడరు గారిని ముందే ఒకసారి అడిగి ఉంచుకున్నారట. లైను బస్సుకి ఇచ్చిన పర్మిటు లైనులో నడపడానికేననీ, ఆపేస్తే డబ్బు పుచ్చుకోవాలో వేరే బండి అడగాలో తేల్చుకునే హక్కు టిక్కెట్టు కొన్నవాళ్లదనీ నెమ్మదిగా చెప్పారు. మీ ఇంటి పెళ్లే కదమ్మా అని అతను బతిమాలాడు.

"మా ఇంటిదైతే మరీ తప్పు. పెళ్లోరికి నాను సెప్పుకుంటాను. ఈ గుంటకి నువ్వు సెప్పగలవేటి?"

అని నన్ను చూపించి, బస్సెక్కి ముందు సీట్లో కూర్చుని, గొడుగు ఒళ్లో పెట్టుకున్నారు. నేనూ ఎక్కాను. కాసేపటికి మూటలు మళ్లీ దిగాయి. ఒకరి వెనక ఒకరు అందరూ ఎక్కేశారు. అప్పలనాయుడు తల గోక్కుని డ్రైవరుకి చెయ్యి ఊపాడు. బస్సు ఆలస్యంగా వస్తుందని పెళ్లివారికి సైకిలు మీద కబురు వెళ్లింది.

దారి పొడుగునా జనం ఆగి చూశారు. ఒకచోట ఒకావిడ కిటికీలోంచి తొంగి చూసి పెళ్లికూతురేదని అడిగింది. టీచరు గారు నా భుజం మీద చెయ్యేసి, "ఈ గుంటేనమ్మా. పరీక్షకి పంపతన్నాం," అన్నారు. బస్సంతా గొల్లున నవ్వింది. వెనక సీటులో ఎవరో దండలోంచి ఒక పువ్వు తుంచి నా జడలో పెట్టారు. ఆ పువ్వుతోనే పరీక్ష రాశాను.

సీటొచ్చింది. కానీ ఆవిడ తమ్ముడు చాలా ఏళ్లు ఆవిడతో మాట్లాడలేదు. చర్చిలో ఆయనో మూల, ఆవిడో మూల. ఉద్యోగమొచ్చాక స్వీటు పట్టుకెళ్లి, నా కోసం ఇంత పని ఎందుకు చేశారని అడిగేశాను.

"నీకు టిక్కెట్టుంది, ఆడికి సుట్టరికముంది. సుట్టరికం రేపైనా అతుక్కుంటాది. నీ పరీక్ష అతుక్కోదు కదే," అన్నారు. అన్నట్టే, ఆవిడ పోయినప్పుడు పెట్టెకు ముందు భుజం పట్టింది ఆ తమ్ముడే.

రిటైరయ్యేదాకా నేనూ తప్పిపోయిన పాఠాలు ఇంటి దగ్గర చెప్పాను. మా బడి పిల్లలూ విసుక్కున్నారు.

మొన్న ఆ దండలు బుట్టలో సర్ది, కౌంటరు దగ్గరికి నడిచాను. నా తెల్లజుట్టు చూసి కాబోలు, జనం దారిచ్చారు. "మమ్మల్ని హైదరాబాదు ఎలా చేరుస్తారమ్మా?" అన్నాను. మరో విమానమో, డబ్బో, ఎంచుకోవడం మా ఇష్టమని, ఎదురు చూసేవాళ్లకి తిండి పెట్టాలని ఇప్పుడు నిబంధనలే ఉన్నాయి. ఆ పిల్ల కారణాలు చెప్పడం మాని కంప్యూటరు వైపు తిరిగింది. పెళ్లివారు సద్దుమణిగి, తమ పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. సాయంత్రం విమానంలో అందరికీ చోటు దొరికింది, ఈలోగా ఉప్మా పొట్లాలూ వచ్చాయి.

వాళ్లలో ఉన్న పెళ్లికూతురు దండల బుట్టలోంచి ఒక బంతిపువ్వు తీసి నాకిచ్చింది. పెట్టుకుందామంటే ఇప్పుడు జడ లేదు. గుప్పిట్లో పట్టుకునే విమానం ఎక్కాను.