వాళ్ళు అనని మాటలు

నన్ను ఎవరైనా ‘డాక్టర్ గారూ’ అని పిలిచినప్పుడల్లా ఒక నిజం నోటిదాకా వస్తుంది. ఏళ్ళ తరబడి దాన్ని మింగుతూ వచ్చాను. ఇక మింగలేను. మీ ముందు చెప్పేస్తాను. జాలిపడమని అడగడం లేదు. క్షమించమని అసలే అడగడం లేదు. వినండి, చాలు.

నేను నూజివీడులో మామిడికాయల వ్యాపారి కూతురిని. చదివింది కంప్యూటర్లు. పీహెచ్‌డీకి ఎంచుకున్నది యూజబిలిటీ, అంటే ఒక వస్తువు మనిషి చేతికి ఎంత తేలిగ్గా లొంగుతుందో చూడడం. రైతులు ఫోన్‌లోనే కాయ అమ్ముకోవడానికి అప్పట్లో ఒక యాప్ వచ్చింది. కాయ ఎంత ఉందో, ఏ ధరకిస్తారో అందులో నింపాలి. మా వైపు రైతులు దాన్ని వాడుతూ ఎక్కడ తడబడుతున్నారో కనిపెట్టడం నా పని.

పరిశోధన ఎలా చెయ్యాలో నాకు ఎవరూ నేర్పలేదు. మా గైడ్ గారు మంచివారే, తీరికే లేదు. “పాత థీసిస్‌లు తిరగెయ్యమ్మా, మెథడాలజీ అదే వస్తుంది” అనేవారు. తిరగేశాను. లైబ్రరీలో కూర్చుని ఒకదాని తర్వాత ఒకటి చదివాను. అన్నింట్లోనూ మూడో అధ్యాయం ఒకే అచ్చులో పోసినట్టు ఉండేది. మనిషిని కూర్చోబెట్టాలి, చేతికి ఫోనివ్వాలి, మనసులో అనుకునేదల్లా పైకి చెబుతూ వాడమనాలి. థింక్ అలౌడ్ అంటారు దాన్ని. అన్న మాటలు రికార్డు చేసి, అందులోంచి యాప్ లోపాలు ఏరాలి. ఆ థీసిస్‌లలో జనం ఎంత బాగా మాట్లాడేవారో! ‘ఈ బటన్ ఎందుకో అర్థం కాలేదు.’ ‘వెనక్కి ఎలా వెళ్ళాలో తెలియడం లేదు.’ ప్రతి మాటా కొటేషన్ గుర్తుల మధ్య ముచ్చటగా కూర్చుని ఉండేది. నాకూ అలాంటివి కావాలనిపించింది.

స్కూటీ వేసుకుని ఆగిరిపల్లి తోటల్లోకి వెళ్ళాను. ఒక పెద్దాయనకు ఫోనిచ్చి, ఏమనుకుంటున్నారో పైకి చెబుతూ నొక్కమన్నాను. ధర నింపే చోటికి రాగానే ఆయన వేలు ఆగింది. నన్ను చూశారు. పక్కన కూర్చున్నవాళ్ళను చూశారు. “మీ నాన్నగారు పంపించారా అమ్మా?” అన్నారు. ఆ తర్వాత నోరు విప్పలేదు.

మా దగ్గర బేరం తువ్వాలు కింద జరుగుతుంది. అమ్మేవారూ కొనేవారూ తువ్వాలు కింద చేతులు కలిపి, వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. పక్కవాడికి తెలియకూడదు. మా కొట్లో నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్నదే. అలాంటిది, వ్యాపారి కూతురినై ఉండి పట్టపగలు నలుగురి మధ్యకూ వెళ్ళి, మీ మనసులో ఉన్న ధర పైకి చెప్పండి అని రైతుని అడిగాను. అంత తెలివితక్కువ పని ఎలా చేశాను? థీసిస్‌లలో ఉంది కాబట్టి చేశాను. అచ్చులో ఉన్నది కనపడినంతగా మా కొట్లో జరిగేది నాకు కనపడలేదు.

తోట మారినా అదే తంతు. రికార్డింగుల్లో కాకుల గోల, ట్రాక్టర్ చప్పుడు, ఎవరో గొంతు సవరించుకోవడం. గడువు ముంచుకొచ్చింది. అప్పుడు కూర్చుని ఆ మాటలన్నీ నేనే రాశాను. ఒక్కో రైతు నోట్లో ఒక్కో మాట పెట్టాను. ఒకాయన విసుక్కునేలా చేశాను, ఇంకొకాయన చేత నవ్వించాను. వైవాలో ఒక ప్రొఫెసర్ గారు ఆ మాటలనే ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మట్టి వాసన వస్తోందన్నారు.

దీనికి సిగ్గుపడాలా? పడాలని తెలుసు. అయినా తల ఎగరేసి అడగాలనే ఉంటుంది. పద్ధతి నేర్పకుండా పాత కాగితాలు చూసి రాసుకోమన్నదెవరు? ‘ఎవరూ మాట్లాడలేదు’ అని రాస్తే నా థీసిస్ గడప దాటేదా? నేను నేర్చుకున్న ఆ థీసిస్‌లలో ఎన్ని మాటలు నాలాంటివాళ్ళు వండి వార్చినవో ఎవరు చెప్పగలరు? ఈ ప్రశ్నల్ని నేను వెనక్కి తీసుకోను. డిగ్రీ తిరిగి ఇచ్చెయ్యమంటే ఇచ్చేస్తాను, ప్రశ్నలు మాత్రం నా దగ్గరే ఉంటాయి.

ఇక్కడిదాకా అయితే నేను హాయిగా బతికేసేదాన్నే. హిమజ సంగతి వేరు.

హిమజ రెడ్డిగూడెం అమ్మాయి, మామిడి రైతు కూతురు. నా తర్వాత కొన్నేళ్ళకు అదే డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీలో చేరింది. విషయం కూడా అలాంటి యాపే. పాత థీసిస్‌లు చూడమని ఆమెకూ చెప్పారు. ఆమె చూసిన పాత థీసిస్ నాది. ఒకరోజు నాకు ఫోన్ చేసింది. అప్పటికి నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను.

“మేడమ్, మీ మూడో చాప్టర్ ఎన్నిసార్లు చదివానో నాకే తెలీదండి. అచ్చం అలాగే చేస్తున్నాను. మావాళ్ళెవరూ నోరు తెరవట్లేదండి.”

“కొత్త కదమ్మా, మొహమాటపడతారు.”

“మా సొంత పెదనాన్నే మాట్లాడట్లేదండి. ధర దగ్గరకొచ్చేసరికి ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టేస్తున్నాడు. మీతో అంత బాగా ఎలా మాట్లాడారండి?”

స్టాఫ్‌రూమ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. నిజం చెప్పడానికి అడ్డేమీ లేదు.

“అడిగే తీరులో ఉంటుందమ్మా. వాళ్ళకి మన మీద గురి కుదరాలి. అది అందరికీ రాదు” అన్నాను.

“అంతేనంటారా మేడమ్?” అంది.

“అంతే” అన్నాను.

ఎందుకన్నాను? భయం. అదొక్కటేనా? మట్టి వాసన అన్న ఆ మెప్పును అప్పటికి నేనే నిజమని నమ్మడం మొదలుపెట్టానేమో, ఆ రైతులు నిజంగానే నాతో అలా మాట్లాడారని ఏదో మూల అనిపించేదేమో, అందుకే అంత తడుముకోకుండా చెప్పగలిగానేమో అని ఇప్పుడనిపిస్తుంది. వాళ్ళ పెదనాన్న మౌనమే అసలు ఫలితం. ధర అడిగే ఆ స్క్రీన్ మా ఊళ్ళకు పనికిరాదని, నోటితో చెప్పించే పద్ధతి మా బేరగాళ్ళ దగ్గర చెల్లదని రాయడానికి కావలసిందంతా ఆ పిల్ల చేతిలో ఉంది. దాన్ని నేను ఆమె చేతకానితనం చేసేశాను.

ఆమె పీహెచ్‌డీ మానేసింది.

నిరుడు కాయల సీజన్‌లో మైలవరం రోడ్డు మీద ఒక ప్యాకింగ్ షెడ్డు దగ్గర కనపడింది. అక్కడే పనిచేస్తోందట. నన్ను చూసి చేతులు తుడుచుకుంటూ నవ్వుతూ వచ్చింది. పరిశోధన తనవల్ల కాదని ముందే చెప్పి మేలు చేశానట, లేకపోతే ఇంకొన్నేళ్ళు వృథా అయ్యేవట. థాంక్స్ చెప్పింది. మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. లేదు. వద్దంటున్నా వినకుండా చిన్న రసాల మామిడిపళ్ళ పెట్టె ఒకటి నా స్కూటీ మీద పెట్టించింది. ఇంటికి తెచ్చి తిన్నాను. తియ్యగానే ఉన్నాయి. అంతకంటే ఏం చెప్పను? ఆ తీపి నాకు ఇప్పటికీ చేదే.

ఇది ఆమె కంట పడుతుందో లేదో తెలియదు. పడితే గుర్తుపడుతుంది. యూనివర్సిటీవాళ్ళకు తెలిస్తే తెలియనీ, వాళ్ళకు నేను జవాబు చెప్పుకుంటాను, అడగాల్సినవి నేనూ అడుగుతాను. మీరు మాత్రం నన్ను ధైర్యవంతురాలని అనకండి. ఆ రోజు ఫోన్‌లో ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది, అది చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబితే ఆమె చదువు తిరిగి రాదు. అయినా చెబుతున్నాను.

హిమజా, వాళ్ళు నాతో కూడా మాట్లాడలేదు.