చోటు చాలని అంకె

గోవిందరావు కుర్చీలో కూర్చోగానే చెప్పులు విడుస్తాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, ఎడమచేతి గోటితో స్క్రీన్ అంచున గళ్లు లెక్కపెట్టుకుంటూ, ఎగువ కొండల్లో పడిన వాన కొలతలను ఒంటి వేలితో కొడతాడు. చిల్లుల కార్డుల కాలంలో ఫోర్‌ట్రాన్ భాషలో రాసిన ఆ ప్రోగ్రామ్ ఒక్క ఖాళీ అటూ ఇటూ అయినా ఒప్పుకోదు. రాసిన ఇంజనీరు పోయి చాలా కాలమైంది. కంప్యూటర్లు మారాయి గాని, విజయనగరంలోని ఆ వరద ఆఫీసులో ఏట్లోకి ఎంత వరద నీరు రాబోతోందో ఇప్పటికీ అదే చెబుతుంది. ఫలితం వచ్చాకే గోవిందరావు టీ తాగుతాడు.

ఆ ఉదయం టీ చల్లారిపోయింది. నీటి అంకె రావలసిన చోట ఐదు నక్షత్రపు గుర్తులు వచ్చాయి. కొలతలన్నీ మళ్లీ కొట్టాడు. మళ్లీ అవే. గది ఊడుస్తున్న దాలమ్మ చీపురు ఆపి చూసింది. ఆమె ఊరు ఏటి గట్టునే.

"ఏటి బాబూ, మిషను పాడైపోనాదా? పువ్వులు కొడతన్నాది."

"బాగానే ఉన్నాది. రాసినాయన ఐదంకెలకే సోటుంచాడు. ఈ ఏట్లోకి లక్ష క్యూసెక్కులు రావనుకున్నాడు."

"మరిప్పుడు ఎంతొస్తాదట?"

"లక్ష దాటితే ఎంతైనా ఇది పువ్వులే కొడతాది."

దాలమ్మ నవ్వబోయి, అతని ముఖం చూసి ఆగిపోయింది. గోవిందరావు పై ఆఫీసుకు ఫోన్ చేసి, దిగువ ఊళ్లు ఖాళీ చేయించమన్నాడు.

"అంకె లేకుండా ఊళ్లెలా లేపుతామయ్యా? కనుక్కుని చెప్పు, లైన్లో ఉంటాను," అన్నాడు అవతలి ఆయన.

గోవిందరావు రిసీవరును అరచేత్తో మూసి దాలమ్మ వైపు తిరిగాడు.

"మీవోళ్లకి ఫోన్ సెయ్యి. గేదెల పలుపులు ఇప్పీమను."