జవాబు రాని విన్నపం

రాయప్పను పేటలో అందరూ ఉపదేశి అనే పిలిచేవారు. ఫాదర్ బేతంచెర్ల నుంచి రాని ఆదివారాల్లో గుడిలో ప్రార్థన నడిపేది ఆయనే. మిగతా రోజుల్లో నాగసుబ్బయ్య శెట్టి పాలిష్ ఫ్యాక్టరీలో నాపబండలు మోసేవాడు. భార్య ప్రేమమ్మదీ అక్కడే కూలి. రాయప్పది ముక్కుసూటి నోరు. దాంతో ఆమె పడని పాట్లు లేవు.

రెండువేల ఆరు నాటికి పేట బావి పాడైపోయింది. బండలు నునుపుచేసిన తెల్లటి బురద నీళ్ళను ఫ్యాక్టరీవాళ్ళు వంకలోకి వదిలేవారు. అవి భూమిలోకి ఇంకి ఇంకి బావిలోకి దిగాయి. బిందెలో నీళ్ళు ఎంత తేర్చినా అడుగున సున్నంలా మడ్డి పేరుకునేది. పిల్లలకు కడుపునొప్పులు పట్టుకున్నాయి. పేటకు మరో బావి లేదు. వెళ్ళి అడిగితే శెట్టి "చూద్దాంలేప్పా" అన్నాడు. ఆ చూడ్డం ఏడాదైనా తెమల్లేదు.

ఫాదర్ మాత్రం ప్రసంగాల్లో గట్టిగానే చెప్పేవాడు. నేలా నీరూ దేవుడు అందరికీ కలిపి ఇచ్చినవట. ఒకడి లాభం కోసం వాటిని చెరపడం పాపమట. పనివాడి కంటే పెట్టుబడి ఎప్పుడూ గొప్పది కాదని రోములోని పోపులు ఎన్నాళ్ళనుంచో చెబుతున్నారట. ఆ మాటలు వింటే రాయప్పకు ప్రాణం లేచొచ్చేది. మిగతావాళ్ళు తలలూపి, సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీకి పోయేవారు. పోక ఏం చేస్తారు, వానలు మొహం చాటేసిన ఆ సీమలో ఇంకో పనెక్కడిది?

మే నెలలో పనివాళ్ళ పాలక పునీతుడు, ఏసు పెంపుడు తండ్రి జోజప్పగారి పండుగ వచ్చింది. గుడిలో కొత్త బండలు పరిపించింది శెట్టే కాబట్టి ఆయనకు ముందు వరుసలో కుర్చీ వేశారు. పక్కన మేస్త్రీ ఈరప్ప కూర్చున్నాడు. పూజ మధ్యలో విన్నపాలు చదవడం ఉపదేశి పని. ఒక్కో విన్నపం చివర జనమంతా "ప్రభువా, మా మొర ఆలకించు" అనాలి. అంటేనే అది అందరి మొర అవుతుంది. రాయప్ప వానల కోసం చదివాడు, రోగుల కోసం చదివాడు. గుడి మార్మోగింది. శెట్టి కూడా మర్యాదకు గొంతు కలిపాడు.

అప్పుడు రాయప్ప కాగితం మడిచేశాడు.

"మన బాయి కోసరం. శెట్టిగారి ఫ్యాక్టరీ బురద నీళ్ళు మన బాయిలోకి రాకుండా నిలపాలని ప్రభువును యేడుకుందాం."

ఒక్కరూ పలకలేదు. ఆడా మగా అందరూ తలలు దించుకున్నారు. పీఠం దగ్గర ఫాదర్ నోరు తెరిచి, శెట్టి వైపు చూసి, మూసుకున్నాడు. అన్ని ప్రసంగాలు చెప్పిన నోరది!

అంతలో ముందు వరుసలోంచి ఒకే ఒక్క గొంతు "ప్రభువా, మా మొర ఆలకించు" అంది. అది నాగసుబ్బయ్య శెట్టిది. సెల్‌ఫోన్‌లో ఏదో చూసుకుంటూ, చదవడం ఆగింది గదా అని అలవాటుగా అనేశాడు. తన గొంతొక్కటే వినబడేసరికి తలెత్తి చుట్టూ చూశాడు. ఈరప్ప వంగి చెవిలో సంగతి చెప్పాడు. శెట్టి మొహం మాడిపోయింది. నవ్వు రావలసిన చోట పేటంతా వణికింది.

మరునాడు ఫ్యాక్టరీ గేటు దగ్గర రాయప్పను ఆపేశారు. "నువ్వింక ప్రార్థనలు చేసుకో పోప్పా" అన్నాడు ఈరప్ప. ప్రేమమ్మను మాత్రం లోపలికి పోనిచ్చాడు.

సాయంత్రం ఆమె వచ్చేదాకా రాయప్ప గడప మీదే కూర్చున్నాడు.

"వాళ్ళంటే భయపడిరి. నా ఎదురుగానే కూచోనుంటివే, నువ్వన్నా అనకూడదా?"

ప్రేమమ్మ చేతులకు అంటిన తెల్లటి పొడి దులుపుకుంది.

"నేనూ అనింటే ఈ పొద్దు ఇద్దరమూ ఈడ్నే కూచోవాల. రేపు సంగటికి యాడ తెస్తావు?"

ఆమె కొంగు అడ్డం పెట్టి బిందెలోంచి నీళ్ళు వడగట్టి లోటా చేతికిచ్చింది.

"తాగు. నాకు మాత్రం అనాలని లేకనా?"

ఆయన తాగాడు.