శకుంతలత్త చూసిన గోడ

మొన్న మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది. కుంఠా నాకా వైపు ఉండేవాళ్లకు కరెంటు పోవడమంటే ఫ్యాన్లు ఆగడం కాదు, సాంచాలు ఆగడం. మరమగ్గాలను మేం సాంచాలంటాం. పొద్దున్నుంచీ చెవుల్లో కొట్టుకుంటున్న ఆ చప్పుడు ఒక్కసారిగా తెగిపోతుంది. పక్కింట్లో బీడీ ఆకు కత్తిరించే కత్తెర చప్పుడు, ఎక్కడో చంటిపిల్ల ఏడుపు, అప్పటిదాకా లేనట్టున్నవన్నీ వినిపిస్తాయి. అందరూ "పోయిందా?" అనుకుంటూ గడప దాటి బయటికొస్తారు. నేను మాత్రం ఉన్నచోటే నిలబడిపోతాను. ఇన్నేళ్లయినా ఆ నిశ్శబ్దంలో నాకు ముందుగా గుర్తొచ్చే మనిషి శకుంతలత్త.

ఆమె మాకు చుట్టం కాదు. జోడ్‌భావి పేట్‌లో ఫోటో స్టూడియో నడిపేది. భర్త పెట్టిన స్టూడియో అది. ఆయన పోయాక మూసేస్తుందనుకున్నారు అందరూ. ఆమె మూయలేదు. యాభై దాటిన మనిషి, కొంగు నడుముకు దోపి, మెడలో కెమెరా వేసుకుని పెళ్లిళ్లకు వెళ్లేది. ఎక్కువ మాట్లాడేది కాదు, మాట్లాడితే కటువుగా ఉండేది. నా ఇరవయ్యో ఏట, డిగ్రీ మధ్యలో ఆపేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, మా అమ్మ నన్ను ఆమె దగ్గర పనిలో పెట్టింది. ఫోటోలు ప్రింటు తీయడం, కత్తిరించడం, ఆల్బమ్‌లో అతికించడం నా పని. మా అమ్మ రాజేశం సేటు కార్ఖానాలో కండెలకు నూలు చుట్టేది. అత్త స్టూడియో ఉన్న గది కూడా ఆ సేటుదే. కార్ఖానా దాని వెనకే ఉండేది.

చేరిన వారానికే ఒకరోజు కెమెరా నా చేతికిచ్చి, "గల్లీల ఏమున్నదో తీసుకొని రా పో" అంది. అరగంట తిరిగి ఉత్త చేతులతో వచ్చాను. "ఏం లేదత్తా" అన్నాను. ఆమె చెప్పులేసుకుని నన్ను వెంటబెట్టుకుని బయల్దేరింది. నాలుగిళ్ల అవతల ఒకామె గడపలో కూర్చుని బీడీలు చుడుతోంది. ఆమె పక్కన తునికాకు ముక్కలు కుప్పగా పడున్నాయి. బీడీకి కావలసిన మేర కత్తిరించుకోగా మిగిలిన ఆకులవి, ప్రతి దాని మధ్యలో నాలుగు పలకల కిటికీ లాంటి ఖాళీ. అత్త ఒకటి తీసి ఎండకు పట్టింది. ఆకు ఈనెల నీడ, ఆ కిటికీ వెలుగు, రెండూ ఆమె చీర మీద పడ్డాయి.

"ఇది రోజు నీ కాళ్ల కింద పడ్తది. పుట్టినప్పటి సంది తొక్కుకుంట పోతున్నవ్. ఏం లేదంటవా?"

సిగ్గుతో తల దించుకున్నాను. అప్పటినుంచి ప్రతిరోజూ ఏదో ఒకటి చూపించేది. రంగు కార్ఖానాలో పనిచేసే మనిషి మడమల పగుళ్లలో ఇంకిపోయిన ఎరుపు, దండెం మీద ఆరేసిన చద్దరు అంచున వరసగా నిలబడ్డ వానచుక్కలు. వేరే వీధికి కూడా వెళ్లనవసరం లేదనేది. నేను పుట్టి పెరిగిన వీధినే ఆమె నాకు కొత్తగా చూపిస్తోందని నాకప్పుడు తెలియదు. ఈ ముసలామెకు పిచ్చి అనుకునేదాన్ని. ఆ పిచ్చి నాకూ అంటుకుంటోందని మాత్రం ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ ఏడు వానాకాలం మొదట్లో ఆమె కన్ను కార్ఖానా తూర్పు గోడ మీద పడింది. సాయంత్రం నాలుగింటికి పడమటి కిటికీల్లోంచి ఎండ వచ్చి ఆ గోడ మీద పడేది. గోడంతా ఏళ్ల తరబడి పేరుకున్న దూది నుసి. సాంచాలు ఆడుతుంటే ఆ నుసి సన్నగా వణికేది, ఎండ తగిలి బంగారు రంగులో మెరిసేది. పైన కప్పును మోసే ఇనప గర్డరు, దాని కొస గోడలోకి దిగి ఉంటుంది, దానికి నీలం రంగు. కింద మా అమ్మ, కండెలు చుట్టే మిషను. వారానికొకసారి అత్త అదే చోట స్టాండు పెట్టి ఒక్క ఫోటో తీసేది. స్టాండు కాళ్లు పెట్టే చోట నేల మీద మూడు సుద్ద గుర్తులు కూడా గీసింది. సేటు నవ్వి ఊరుకునేవాడు. నేతగాళ్లు "మా ఫోటో తియ్యరాదు, గోడదెందుకు?" అని ఆటపట్టించేవాళ్లు.

తొమ్మిదో వారం ఫోటో ప్రింటు తీసినప్పుడు అత్త ముఖంలో ఎప్పుడూ లేని సంబరం చూశాను.

"రేణూ, గిది చూడు. నీలం పక్కన ఆ తుప్పు రంగు. ఎంత మంచిగ కుదిరింది! మొదటి దాంట్ల లేకుండె."

నేనూ బాగుందన్నాను. ఆ మర్నాడు తొమ్మిది ఫోటోలనూ ఒకే కొలతకు కత్తిరించమంది. ఒకదాని మీద ఒకటి పేర్చి అంచులు సరిచేస్తుంటే నా చెయ్యి ఆగింది. మొదటి ఫోటోలో నీలం రంగు గోడకు ఆని ఉంది. నాలుగోదాంట్లో నీలానికీ గోడకూ మధ్య సన్నని తుప్పు గీత. తొమ్మిదోదాంట్లో ఆ గీత, గర్డరు మందంతో పోల్చి చూస్తే, అసలు చోట రెండు వేళ్ల వెడల్పుంటుంది. గర్డరుకు రంగు వేసింది గోడ బయట ఉన్నంత మేరకే. గోడ లోపల దాగిన కొసకు రంగు ఎవరు వేస్తారు? ఆ కొస ఇప్పుడు బయటికి కనిపిస్తోంది. అంటే గర్డరు జారిందా? కాదు, గోడే అవతలికి ఒరుగుతోంది. దాని వెనక మురుగునీళ్ల నాలా ఉంది, వానలకు నిండి పారుతోంది.

ఫోటోలు అత్త ముందు పరిచాను. ఆమె చాలాసేపు చూసింది. కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకుని మళ్లీ చూసింది. "స్టాండు కదిలిందేమో" అంది. ఆ మాట ఆమె నమ్మలేదు, నేనూ నమ్మలేదు. తర్వాత మెల్లగా అంది, "నిన్న దీన్నే మంచిగున్నదన్న."

అప్పటికప్పుడు సేటు దగ్గరికి వెళ్లాం. గోడను ఆనుకుని కూర్చునేది మా అమ్మే. అయినా నిజం చెప్పాలి, దారిలో నన్ను పట్టుకున్న భయం గోడ గురించి కాదు. అమ్మ పని పోతుందేమో, ఇల్లెలా గడుస్తుందోనని. సేటు ఫోటోలు అటూ ఇటూ తిప్పి బల్ల మీద పడేశాడు.

"నువ్వేమన్న ఇంజినీరువా శకుంతలా? పండుగ ముంగట మాల్ పంపాలె. దసరా అయినంక రిపేరు చేపిస్త."

"దసరా దాక ఆగదు సేటూ. ఒక్కసారి లోపలికొచ్చి చూడుండ్రి."

"బస్! నువ్వు దుకాణం పెట్టుకున్నది గూడ నా గోడల నడుమనే. యాది పెట్టుకో."

అత్త ఫోటోలు ఏరుకుంది. ఆ సాయంత్రం ఇంట్లో అమ్మకు చెప్పాను. "ఇరవై ఏండ్ల సంది ఆ గోడకే ఒరిగి కూసుంటున్న. దానికేమైతది? నువ్వు సేటుతోని లొల్లి పెట్టుకోకు" అని కసిరింది.

మర్నాడు పొద్దున పదింటికి వాన ముసురు పట్టి ఉంది. అత్త స్టూడియోకు తాళం వేసి, "పా" అంది. ఇద్దరం కార్ఖానాలోకి వెళ్లాం. సాంచాలన్నీ ఆడుతున్నాయి. ఆ చప్పుడులో అరిచినా వినపడదు. నిజానికి ఆమె అరవడానికి వెళ్లలేదు. చద్దర్లు మడతపెట్టే బల్ల మీద ఫోటోలు వరసగా పరిచి పక్కకు జరిగి నిలబడింది. ఒక్కరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. నాకు ఒళ్లు మండింది. గోడ పడుతోందని చెప్పకుండా ఈ బొమ్మల కొలువేమిటి అనుకున్నాను.

ఒకరిద్దరు వచ్చారు. తర్వాత ఐదారుగురు. ముఖాలు వెలిగాయి. "అరే, ఇది మన కార్ఖాననేనా?" అన్నాడొకడు. అమ్మ కూడా లేచొచ్చి ఫోటోలో మెరుస్తున్న దూది నుసిని వేలితో తడిమింది. అందరికంటే పెద్దవాడు మల్లేశన్న, ఆ గోడ పక్క సాంచా ఆయనదే. ఫోటోలను ఒక చివర నుంచి ఇంకో చివరకు చూసుకుంటూ వెళ్లి, మళ్లీ మొదటి దగ్గరికొచ్చాడు. వేలు నీలం గర్డరు కొసన ఆగింది. అక్కణ్నుంచి రెండో ఫోటో, మూడో ఫోటో. ఆ వేలినే చూస్తూ నిలబడ్డాను. తొమ్మిదోదాని దగ్గర ఆయన తలెత్తి పైకి చూశాడు. వెళ్లి గర్డరు కింద నిలబడి మళ్లీ చూశాడు. అక్కడ ఇప్పుడు మూడు వేళ్ల వెడల్పుంది.

ఆయన చెయ్యి చాపి తన సాంచా ఆపేశాడు. పక్కవాడు ఆయన ముఖం చూసి తనదీ ఆపాడు. ఒక్కొక్కటే ఆగుతూ వచ్చాయి. చివరిది ఆగాక రేకుల మీద వాన చప్పుడు వినిపించింది. ఆ కార్ఖానాలో వాన చప్పుడు వినడం నాకదే మొదలు. దాంతోపాటు ఇంకో చప్పుడు, గోడ లోపలెక్కడో ఇసుక రాలుతున్నట్టు.

సేటు పరుగెత్తుకొచ్చాడు. "ఎవడు బంద్ చేసిండు? చాలు చెయ్యుండ్రి!" అని అరిచాడు. ఇద్దరు కుర్రవాళ్లు తడబడుతూ సాంచాల వైపు కదిలారు. మా అమ్మ కూడా కదిలింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. విడిపించుకోబోయింది, నేను వదల్లేదు. ఎవరూ పని మొదలుపెట్టకపోయేసరికి సేటుకు పౌరుషం వచ్చింది. విసవిసా వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు. "ఇగో! ఎక్కడ పడ్తున్నది? చూడుండ్రి!" అంటూ అరచేత్తో గోడ మీద చరిచాడు. ఒకసారి, రెండోసారి. పైనుంచి సున్నం పెళ్ల ఊడి ఆయన భుజం మీద పడింది. మూడోసారి చెయ్యెత్తాడు.

"చెయ్యి తియ్యి!"

అరిచింది శకుంతలత్త. ఆయన్ను ఆమె ఎప్పుడూ అలా ఏకవచనంలో పిలవలేదు. సేటు ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగింది. తల తిప్పి పైకి చూశాడు. మనిషి ముఖంలోంచి రక్తం దిగిపోవడమంటే ఏమిటో ఆ రోజు చూశాను. ఒక్కో అడుగూ మెల్లగా వేస్తూ బయటికొచ్చాడు. ఆయన వెనకే అందరూ వచ్చారు.

గోడ మూడో రోజు పొద్దున నాలాలోకి కూలింది. గర్డరు నాలుగు సాంచాల మీద, మా అమ్మ మిషను మీద పడింది. లోపల ఎవరూ లేరు.

ఇంత చేస్తే పేటంతా అత్తను మెచ్చుకుని ఉంటుందనుకుంటారు. అలా ఏం జరగలేదు. ఐదు నెలలు కార్ఖానా మూతపడింది. మా అమ్మ బీడీలు చుట్టింది, అలవాటు లేని వేళ్లతో. అత్త కెమెరా దిష్టే తగిలిందన్నవాళ్లూ ఉన్నారు. సేటు గది ఖాళీ చేయించలేదు గానీ, ఆమెతో మళ్లీ మాట్లాడలేదు. ఇవేవీ అత్తను అంతగా బాధపెట్టలేదు. ఆమె బాధ వేరు. నెలకు పైగా కెమెరా ముట్టుకోలేదు. పాస్‌పోర్టు ఫోటోలు కూడా నన్నే తీయమనేది. ఒకరోజు ఉండబట్టలేక, "నువ్వు ఆ ఫోటోలు తియ్యకుంటే మా అమ్మ బతికేదా అత్తా?" అన్నాను.

ఆమె చేతిలోని కత్తెర బల్ల మీద పెట్టింది.

"నువ్వు కత్తిరించంగ చూసినవ్ కాబట్టి బతికింది. నేను చూసింది వెలుతురు, బిడ్డా. తొమ్మిది వారాలు అక్కడ నిలవడి గూడ ఒక్కనాడు మల్లేశన్నను అడగలే, ఈ గర్డరు ఎప్పటి సంది ఇట్లున్నదని. అడిగితే ఆయనే చెప్తుండె."

ఆ తర్వాత మళ్లీ కెమెరా పట్టింది. కానీ ఆమె పద్ధతి మారిపోయింది. ఏదైనా నచ్చితే వెంటనే ఫోటో తీసేది కాదు. అక్కడుండే మనిషి పక్కన కూర్చుని, "ఎప్పటి సంది ఇట్లున్నది?" అని అడిగేది. ఒక్కోసారి ఆ కబుర్లలోనే పొద్దు వాలిపోయేది, ఫోటో తీయకుండానే తిరిగొచ్చేవాళ్లం. ఇంకో ఎనిమిదేళ్లు ఆమెతో అలాగే తిరిగాను. చివరికి ఆమె ఏ హడావుడీ లేకుండా, నిద్రలోనే పోయింది. స్టూడియో ఇప్పుడు నేను నడుపుతున్నాను.

పోయిన నెల అశోక్ చౌక్ దగ్గర ఒక ఇంటికి పుట్టినరోజు ఫోటోలకు వెళ్లాను. పని అయ్యాక వసారాలో ఆ ఇంటి పెద్దామె కనిపించింది. ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనుంచి పడిన ఎండలో ఆమె వేళ్లు, ఆకు, పొగాకు పొడి, అన్నీ ఒకే రంగులో కలిసిపోయి ఉన్నాయి. అలాంటి వెలుతురు మళ్లీ దొరకదు. కెమెరా కంటిదాకా ఎత్తాను. ఆమె కుడిచేతి చిటికెన వేలు మిగతా వేళ్లతో కదలడం లేదు.

కెమెరా దించి ఆమె పక్కన కూర్చున్నాను.

"పెద్దవ్వా, ఈ వేలు ఎప్పటి సంది ఇట్లున్నది?"

ఆమె చుట్టడం ఆపి నన్ను చూసింది, ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగనట్టు. వసారాలోంచి ఎండ జరిగిపోతూనే ఉంది. ఆమె చేట పక్కన పెట్టి, వేలు నా చేతిలో పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.