పెద్దమ్మ చేతి కొలత

మా పెద్దమ్మకు నీళ్ళను చేత్తో కొలిచే అలవాటు. అనకాపల్లి పక్కన తన చెరకు చేలో కాలువ దిగి, తడిసిన కాలి మీద అరచెయ్యి అడ్డంగా పెట్టి, "పిక్కలోతుంది" అని తేల్చేది. ఆ కాలువ నీళ్ళు ముందెవరి చేనికన్న వంతు దగ్గరే పక్క చేను మరిదితో గొడవపడి, ఏళ్ళ తరబడి మాటలు మానేసింది.

పోయినేడు పాపికొండలు చూపిద్దామని ఆమెను గోదావరి మీద లాంచీ ఎక్కించాను. అందరూ పాటలకు గంతులేస్తుంటే ఆమె కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది. కొండల మధ్య ఎటు చూసినా నీళ్ళే.

"లోతెంతుంటాది బాబూ?" అని లాంచీ నడిపే సరంగును అడిగింది.

"తాటిచెట్టయినా మునిగిపోద్దమ్మా."

పెద్దమ్మ అలవాటుగా వంగి పిక్క మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి మోకాలికి, నడుముకి, మెడకి పాకింది. తల దాటి పైకి లేచి, గాలిలో అలాగే ఆగిపోయింది.

చాలాసేపటికి చెయ్యి దించి, "మా మరిదికి వీడియో కాల్ కలపవే" అంది.

"వదినా!" అంటూ ఆయన తడబడ్డాడు. ఆమె ఫోను నది వైపు తిప్పింది.

"సూడు మరిదీ, ఎన్ని నీళ్ళో! రేపు ముందు నీ సేనికే కట్టుకో. నా సెరకు ఆగుతాదిలే."